పనిచోట ప్రథమ చికిత్స శిక్షణ: మిల్లు, ఫ్యాక్టరీ, గోదాముల్లో మొదటి నుంచి చివరి వరకు ఎలా నడపాలి

మిర్యాలగూడ రైస్ మిల్లుల వాళ్లు, పోలేపల్లి, చౌటుప్పల్ వైపు ఫార్మా యూనిట్ల వాళ్లు, నల్లగొండ చుట్టుపక్కల జిన్నింగ్ (పత్తి గింజ తీసే) మిల్లుల సూపర్‌వైజర్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "మా వర్కర్లకు ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ ఇప్పించాలి. ఎవరికి ఇప్పించాలి, ఏం నేర్పించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?"

ముందే ఒక మాట. ఆఫీసులో ఉండే నలుగురికి సర్టిఫికెట్ ఇప్పించి ఫైల్లో పెట్టుకుంటే ఇన్‌స్పెక్షన్ గడుస్తుందేమో కానీ మనిషి బతకడు. ప్రమాదం జరిగేది బెల్టు దగ్గర, బాయిలర్ దగ్గర, లారీ మీద. అది రాత్రి రెండింటికి కూడా కావచ్చు. అప్పుడు పక్కనున్న మనిషి చేతులకు పని తెలిసి ఉండాలి. కింద చెప్పిన ప్రతి మెట్టూ దాని కోసమే.

1. ముందు మీ ఆవరణంతా తిరిగి చూడండి

ట్రైనర్‌కు ఫోన్ చేసే ముందు ఒక నోట్‌బుక్ పట్టుకుని పని జరిగే ప్రతి చోటుకూ వెళ్లండి. ఇక్కడ మనిషికి ఏం కావచ్చో అక్కడ పనిచేసేవాళ్లనే అడగండి. మేనేజర్‌కు తెలియనివి హమాలీకి తెలుస్తాయి.

మన ప్రాంతంలో సాధారణంగా బయటపడేవి:

- రైస్ మిల్లు: ఎలివేటర్, బెల్టుల్లో చేయి పడటం, బాయిలర్ ఆవిరి కాలడం, బస్తాల నెట్టు కూలడం, ధాన్యం గుంతలో కూరుకుపోవడం, గోదాములో పురుగు మందు బిళ్లల గ్యాస్
- జిన్నింగ్ మిల్లు: వేళ్లు తెగడం, పత్తికి నిప్పంటుకోవడం, దుమ్ముతో ఆయాసం
- ఫార్మా: యాసిడ్, సాల్వెంట్ కళ్లల్లో పడటం, ట్యాంకుల్లో ఊపిరాడకపోవడం
- మఠంపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ప్లాంట్లు: ఎత్తు నుంచి పడటం, వేడి పొడితో కాలిన గాయాలు
- అన్ని చోట్లా: కరెంటు షాక్, వడదెబ్బ, పాముకాటు, ఫిట్స్, గుండెపోటు

ఈ జాబితా మీ చేతిలో ఉంటే ట్రైనర్ మీకు అవసరమైనదే నేర్పిస్తాడు. లేకపోతే అందరికీ చెప్పే పాఠమే మీకూ చెప్పి వెళ్లిపోతాడు.

2. సీజన్ చూసి తేదీ పెట్టండి

యాసంగి కోతలప్పుడు ధాన్యం ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరి ఉంటే మిల్లులో ఎవరూ శిక్షణకు కూర్చోరు. రైస్ మిల్లుకు ఆగస్టు, సెప్టెంబరు మంచి సమయం. జిన్నింగ్ మిల్లుకు పత్తి రాకముందు, సెప్టెంబరులో పెట్టుకోవాలి. వడదెబ్బ పాఠం మాత్రం మార్చిలోనే అందరికీ మరోసారి చెప్పాలి. నల్లగొండలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి.

సీజన్‌కు కొత్త బ్యాచ్ వచ్చే చోట, పని మొదలయ్యే ముందే కొత్తవాళ్లకు కనీసం ఒక గంట పాఠం ఉండాలి: మెయిన్ స్విచ్ ఎక్కడ, ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడ, ఎవరిని పిలవాలి.

3. మనుషులను ఎంచుకోవడం

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. హెచ్‌ఆర్, అకౌంట్స్ వాళ్లు ఖాళీగా దొరుకుతారని వాళ్లనే పంపుతారు.

- ప్రతి షిఫ్టులో, ప్రతి సెక్షన్‌లో కనీసం ఇద్దరు. ఒకరు సెలవు పెడితే ఇంకొకరుంటారు.
- మెషిన్ దగ్గరే పనిచేసేవాళ్లు, ఎలక్ట్రీషియన్, బాయిలర్ ఆపరేటర్, గేటు దగ్గర వాచ్‌మన్, హమాలీల మేస్త్రీ తప్పనిసరి.
- మహిళలు పనిచేసే చోట శిక్షణ పొందిన మహిళలు కూడా ఉండాలి.
- రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లను బలవంతపెట్టొద్దు. వాళ్లకు 108కు ఫోన్ చేసే పని, గేటు తెరిచే పని అప్పగించండి.
- బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులుంటే హిందీలో కూడా చెప్పించండి. తెలుగు పాఠానికి తలూపారంటే అర్థమైందనుకోవద్దు.

చట్టం సంగతి క్లుప్తంగా: ఫ్యాక్టరీల చట్టం, 1948లో 45వ సెక్షన్ ప్రకారం 150 మంది కార్మికులకు ఒకటికి తగ్గకుండా ప్రథమ చికిత్స పెట్టెలుండాల్సి ఉండేది. ఒక్కో పెట్టెకు సర్టిఫికెట్ ఉన్న ఒక బాధ్యుడు పనివేళల్లో అందుబాటులో ఉండాల్సి వచ్చేది. 500 మందికి మించితే అంబులెన్స్ గది కూడా ఉండాల్సి వచ్చేది. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. కాబట్టి మీకు ఇప్పుడు వర్తించే నియమాలను మీ ప్రాంతపు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో అడిగి రాసుకోండి. ఎక్కువ సంఖ్య చెప్పే నియమాన్ని పాటిస్తే నష్టమేమీ లేదు.

4. ట్రైనర్‌తో ముందే మాట్లాడుకోవాల్సినవి

గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ కోసం ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ, సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి సంస్థలను అడగండి. ఎవరు వచ్చినా ఒప్పుకునే ముందు ఇవి తేల్చుకోండి:

- సాధనకు మనిషి ఆకారపు బొమ్మలు ఎన్ని తెస్తారు? ఆరుగురు ఏడుగురికి ఒకటైనా లేకపోతే సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, ఊపిరి ఇవ్వడం) చేతికి రాదు.
- బ్యాచ్‌లో ఎంతమంది? పాతిక దాటితే సగం మంది చూసి వెళ్లిపోతారు.
- రోజులో సగానికి పైగా చేతులతో చేయించే పనే ఉంటుందా?
- ఉదయం మన ఆవరణ తిరిగి చూసి, మన ప్రమాదాల మీదే ఉదాహరణలు ఇస్తారా?
- సర్టిఫికెట్ ఎన్నేళ్లు చెల్లుతుంది, మళ్లీ ఎప్పుడు రావాలి?

శిక్షణ రోజు కూలీ కోయొద్దు. అది పని రోజుగానే లెక్క వేయాలి. డబ్బులు పోతాయంటే ఎవరూ మనసు పెట్టి నేర్చుకోరు.

5. పెట్టె, దాని చోటు

శిక్షణకు ముందే పెట్టెలు సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే మీ పెట్టెలోని వస్తువులతోనే సాధన చేయించాలి.

- వెడల్పు రోలర్ బ్యాండేజీలు, శుభ్రమైన గాజ్ గుడ్డలు (గాయం మీద వేసే పలుచటి జాలీ గుడ్డ), త్రికోణపు కట్టు గుడ్డలు
- రక్తస్రావం ఆపే మందపాటి డ్రెస్సింగ్‌లు, కంపెనీ తయారీ టూర్నికెట్ (రక్తం ఆపడానికి చేయి, కాలికి బిగించే పట్టీ)
- డిస్పోజబుల్ గ్లౌజులు, కత్తెర, టేపు, మార్కర్ పెన్ను
- కళ్లు కడగడానికి స్టెరైల్ సెలైన్, ఓఆర్‌ఎస్ పొట్లాలు
- సీపీఆర్‌లో నోటికి అడ్డుపెట్టే మాస్క్, టార్చిలైటు

పెట్టెకు తాళం వేయొద్దు. "సామాను పోతోంది" అని తాళం వేసి, చెవి మేనేజర్ జేబులో పెట్టుకునే చోట్లు చాలా ఉన్నాయి. నాలుగు బ్యాండేజీలు పోతే మళ్లీ కొనొచ్చు. తాళం బదులు కాగితపు సీలు వేయండి. అది చిరిగితే ఎవరో వాడారని తెలుస్తుంది, ఆ రోజే నింపేయవచ్చు.

6. శిక్షణ రోజు ఏ వరుసలో నేర్పించాలి

ఉదయం మనసు చురుగ్గా ఉన్నప్పుడు ప్రాణం తీసే ప్రమాదాల్లో ఏం చేయాలో నేర్పించండి. బెణుకులు, చిన్న గాయాలు సాయంత్రానికి పెట్టుకోవచ్చు.

6.1 మొదటి గంట: ముందు మన ప్రాణం

అన్నిటికంటే ముందు నేర్పాల్సింది ఆగడం. ట్యాంకులోకి దిగిన మనిషి పడిపోతే, కాపాడబోయి దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా అక్కడే పోతారు. ఎఫ్లుయెంట్ (ఫ్యాక్టరీ మురుగునీటి) ట్యాంకు, సెప్టిక్ ట్యాంకు, ధాన్యం గుంత ఏదైనా సరే, శ్వాస పరికరం, తాడు, శిక్షణ లేకుండా లోపలికి దిగకూడదు. అరిచి మనుషులను పిలవాలి, ఫైర్ సర్వీస్‌కు 101 చేయాలి. ముక్కుకు తడి గుడ్డ కట్టుకుంటే గ్యాస్ ఆగదు.

గోదాములో అల్యూమినియం ఫాస్ఫైడ్ అనే పురుగు మందు బిళ్లలు పెట్టినప్పుడూ ఇదే నియమం. తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ విషవాయువు వస్తుంది. బిళ్లల మీద నీళ్లు పోయొద్దు. బాధితుడు తలుపు దగ్గరే ఉంటే గాలి తగిలే చోటుకు తేవాలి, లోపల ఉంటే ఫైర్ వాళ్ల కోసం ఆగాలి. నోటితో ఊపిరి ఇవ్వొద్దు. ఏ మందో తెలిసేలా డబ్బా మీది లేబుల్ ఫోటో తీసి ఆసుపత్రికి పంపాలి.

కరెంటు షాక్ అయితే మనిషిని ముట్టుకునే ముందు మెయిన్ బంద్ చేయాలి. మెయిన్ అందకపోతే పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో వైరు తప్పించడం ఇంటి కరెంటుకు మాత్రమే. 11 కేవీ లైను తెగి పడితే కర్రా పనిచేయదు, చెప్పులూ కాపాడవు. దూరంగా నిలబడి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపించాలి. సబ్‌స్టేషన్ నంబరు గోడ మీద రాసి ఉండాలి. షాక్ తగిలిన మనిషి లేచి "నాకేం కాలే" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తర్వాత కూడా గుండె లయ తప్పవచ్చు.

6.2 సీపీఆర్

దీనికి ఎంత సమయం ఇచ్చినా తక్కువే. ప్రతి ఒక్కరూ బొమ్మ మీద రెండు నిమిషాలు ఆగకుండా నొక్కి చూపించాలి. ఆ రెండు నిమిషాల్లో చేతులు ఎంత అలసిపోతాయో తెలిస్తేనే ఇద్దరు ఎందుకుండాలో అర్థమవుతుంది.

1. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే ఒకరితో 108కు ఫోన్ చేయించండి.
2. పది సెకన్లకు మించకుండా శ్వాస చూడండి. అప్పుడప్పుడు ఎగశ్వాసలా నోరు తెరవడం శ్వాస కింద లెక్కకు రాదు.
3. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యన, ఎముక కింది సగం మీద అరచేతి మడమ (మణికట్టు దగ్గరి గట్టి భాగం) పెట్టండి.
4. మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి.
5. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి.
6. నోటితో ఊపిరి ఇవ్వడం నేర్చుకున్నవాళ్లు 30 నొక్కులకు 2 ఊపిరులు ఇవ్వండి. రానివాళ్లు నొక్కడం ఆపకపోతే చాలు.
7. రెండు నిమిషాలకు మనిషి మారాలి.

పక్కటెముక విరుగుతుందేమోనన్న భయంతో చాలామంది మెల్లగా నొక్కుతారు. విరిగిన ఎముక అతుక్కుంటుంది. గుండె ఆగిన మనిషికి మన మెత్తటి చేతుల వల్ల ఏ మేలూ జరగదు.

6.3 రక్తస్రావం, తెగిన వేలు

బెల్టులో చేయి పడితే ముందు మెషిన్ ఆపి, స్విచ్ దగ్గర ఒకరిని నిలబెట్టండి. కంగారులో ఎవరో ఆన్ చేసే ప్రమాదం ఉంది. రోలర్‌ను వెనక్కి తిప్పి చేయి లాగాలని చూడొద్దు, మెకానిక్ వచ్చి విప్పాలి.

గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి నేరుగా గట్టిగా అదమాలి. పది నిమిషాలు తీసి చూడకూడదు. తడిస్తే దాని మీదే ఇంకో గుడ్డ. లోపల ఇనుప ముక్క గుచ్చుకుని ఉంటే పీకొద్దు, చుట్టూ గుడ్డ పెట్టి కదలకుండా కట్టాలి. కాలు, చేతి నుంచి రక్తం చిమ్ముతూ అదిమినా ఆగకపోతే మాత్రమే టూర్నికెట్: గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా బిగించి, సమయం మార్కర్‌తో రాయాలి. ఆసుపత్రికి చేరేదాకా విప్పకూడదు.

తెగిన వేలిని తడి చేసిన శుభ్రమైన గాజ్ గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో మూసి, ఆ కవర్‌ను ఐసు నీళ్లలో పెట్టాలి. ఐసు మీద నేరుగా పెడితే వేలు పాడవుతుంది. కవర్ మీద పేరు రాసి బాధితుడితోనే పంపాలి. పత్తి కుప్పలో వెతకడానికి ఇద్దరిని పెట్టండి, అంబులెన్స్‌ను మాత్రం ఆపొద్దు.

6.4 కాలిన గాయాలు, కళ్లు

ఆవిరి, వేడి నూనె, నిప్పు ఏదైనా సరే, 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్ల కింద పెట్టాలి. ఐసు వద్దు. వాపు రాకముందే ఉంగరం, గాజులు, కడియం తీసేయాలి. చర్మానికి అతుక్కున్న బట్టను లాగొద్దు. టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు, నూనె రాస్తే డాక్టరు వాటిని గీకి తీయాల్సి వస్తుంది, మనిషికి నరకం కనిపిస్తుంది.

సున్నం లాంటి పొడి రసాయనం అయితే ముందు దులిపి తర్వాత నీళ్లు పోయాలి. కంట్లో పడితే కనీసం 20 నిమిషాలు కడగాలి. తలను ఆ కన్ను వైపుకు వంచి, ముక్కు వైపు నుంచి బయటికి నీళ్లు పోతే రెండో కంటికి తగలదు. గడియారం చూసి కడగాలి. బాధలో ఉన్న మనిషికి రెండు నిమిషాలే ఇరవై లాగా అనిపిస్తాయి.

6.5 వడదెబ్బ, పాముకాటు

ఎండలో పనిచేసే మనిషి మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే అనుకోండి. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి ఫ్యాన్ పెట్టండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు గుడ్డలు పెట్టండి. స్పృహ సరిగ్గా లేనివాళ్లకు నోట్లో నీళ్లు పోయొద్దు. 108కు ఫోన్ చేయించి, అది వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండాలి.

పాము కరిస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పామును పట్టుకోబోవద్దు. నడిపించకుండా పడుకోబెట్టి, కరిచిన కాలు, చేయి కదలకుండా చెక్కతో కట్టి, నేరుగా యాంటీ వెనమ్ ఉండే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వస్తుంది. "ఏం కాలే" అని రాత్రంతా పడుకోనివ్వడం వల్ల ప్రాణాలు పోతున్నాయి.

6.6 ఫిట్స్, ఛాతీ నొప్పి

ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం, చెప్పు వాసన చూపించడం మానిపించండి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఐదు నిమిషాలకు ఆగకపోతే 108.

ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, చెమటలు అంటే గ్యాస్ టాబ్లెట్ ఇచ్చి ఇంటికి పంపొద్దు. బండి నడపనివ్వొద్దు, మెట్లు ఎక్కనివ్వొద్దు. కూర్చోబెట్టి 108కు చేయండి. దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి ముందు తీసుకెళ్లే అలవాటును గుండెనొప్పి విషయంలో పూర్తిగా ఆపాలి.

7. 108కు ఫోన్, గేటు దగ్గర దారి

ఫోన్ చేయడం కూడా సాధన చేయించాలి. టెన్షన్‌లో మనిషి "జల్ది రండి" అని పెట్టేస్తాడు. ఇలా పలకమని ఒక కాగితం మీద రాసి ఫోన్ పక్కన అతికించండి:

"మిర్యాలగూడ మండలం, ఫలానా ఊరు, ఫలానా రైస్ మిల్లు. పెట్రోల్ బంకు దాటినాక ఎడమ వైపు రెండో గేటు. ఒకాయనకు కరెంటు కొట్టింది, శ్వాస తీస్తలేడు, సీపీఆర్ చేస్తున్నం. ఈ నంబరు మీదనే ఉంట."

అవతలివాళ్లు పెట్టేదాకా ఫోన్ పెట్టొద్దు. ఒక మనిషి రోడ్డు మీదికి వెళ్లి నిలబడాలి. సీజన్‌లో లారీలు, ట్రాక్టర్లు గేటు మూసేస్తాయి కాబట్టి ఒక పక్క దారి ఎప్పుడూ ఖాళీగా ఉండేలా నేల మీద పసుపు గీత గీయించండి. ఆ గీత మీద బండి ఆపనివ్వకుండా చూసే పని వాచ్‌మన్‌ది.

8. చెప్పకుండా మాక్ డ్రిల్

శిక్షణ అయిన నెలలోపు, రాత్రి షిఫ్టులో, ఎవరికీ చెప్పకుండా ఒక డ్రిల్ పెట్టండి. ఒకరిని పడిపోయినట్టు పడుకోబెట్టి గడియారం చూడండి. కరెంటు షాక్ డ్రిల్ అయితే "అన్నా, మెయిన్ బంద్ చెయ్" అన్న మాట ఎన్నో సెకనులో వినిపించిందో రాసుకోండి. 108కు నిజంగా ఫోన్ చేయొద్దు. ఆ పాత్ర ఒక సూపర్‌వైజర్ పోషించాలి.

చూడాల్సినవి:

- మనిషిని ముట్టుకునే ముందు ప్రమాదం చూశారా?
- పెట్టె ఎన్ని నిమిషాల్లో వచ్చింది?
- ఒక్కరైనా పని పంచి చెప్పారా, అందరూ చుట్టూ మూగారా?
- గేటు తెరుచుకుందా?

తప్పు చేసినవాళ్లను అందరి ముందు తిట్టొద్దు. తిడితే రేపు నిజంగా జరిగినప్పుడు ఎవరూ ముందుకు రారు.

9. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

ఎత్తు నుంచి పడ్డ హమాలీని కాళ్లూ చేతులూ పట్టుకుని ఆటోలో వేయడం అన్నిటికంటే ప్రమాదం. మెడ, వెన్ను కదిలితే జీవితాంతం కాళ్లు పడిపోవచ్చు. నిప్పు, గ్యాస్ లాంటి ముప్పు లేకపోతే తల రెండు చేతులతో కదలకుండా పట్టుకుని 108 స్ట్రెచర్ కోసం ఆగాలి. ఈ ఒక్కటీ ప్రతి హమాలీ గ్యాంగుకు విడిగా చేసి చూపించండి.

సర్టిఫికెట్ వచ్చాక మూడేళ్లు ఆగడం రెండోది. సాధన లేకపోతే సీపీఆర్ కొన్ని నెలల్లోనే చేతులు మరిచిపోతాయి. మూడు నెలలకోసారి షిఫ్టు మారే ముందు అరగంట బొమ్మ మీద చేయించండి. ఒక బొమ్మ కంపెనీయే కొనుక్కుంటే సరిపోతుంది.

కేసు అవుతుందేమోనని వెనక్కి తగ్గడం ఇంకొకటి. 65వ, 44వ నంబరు జాతీయ రహదారుల మీద డ్యూటీకి వెళ్లి వచ్చేటప్పుడు ప్రమాదం చూస్తే ఆగి సాయం చేయమని చెప్పండి. మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ మంచి మనసుతో సాయపడినవాళ్లకు రక్షణ ఇస్తుంది.

10. శిక్షణ తర్వాత గోడ మీద, రిజిస్టర్‌లో

- షిఫ్టు వారీగా శిక్షణ పొందినవాళ్ల పేర్లు, ఫోటోలు, ఫోన్ నంబర్లు తెలుగులో, హిందీలో బోర్డు మీద
- 108, 101, సబ్‌స్టేషన్, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి నంబర్లు
- ప్రతి నెల ఒకటో తేదీన పెట్టె తనిఖీ, గడువు తీరినవి మార్చడం
- చిన్న గాయమైనా ప్రతిదీ రిజిస్టర్‌లో: ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశారు
- ఒకే మెషిన్ దగ్గర రెండోసారి గాయమైతే ఆ మెషిన్‌కు గార్డు (చేయి పడకుండా కాపాడే మూత) పెట్టే పని వెంటనే మొదలుపెట్టాలి
- ప్రమాదం చూసిన వర్కర్లతో మరుసటి రోజు కూర్చుని మాట్లాడాలి. నిద్రపట్టనివాళ్లకు రెండు రోజులు వేరే పని ఇవ్వాలి
- ఉద్యోగం మానేసిన వాళ్ల పేరు బోర్డు నుంచి తీసేసి, అదే వారంలో వారి స్థానంలో ఇంకొకరిని తర్వాతి బ్యాచ్‌కు రాయించాలి